గుడి చుట్టూ కాల్చిన గడ్డి

ఆ అమ్మాయి మొదటిసారి మా గడప తొక్కిన పూట నేను మంచి మనసుతో లేను. నీళ్ళ ట్యాంకర్ దగ్గర పక్కింటావిడతో మాటామాటా అనుకుని వచ్చి కూర్చున్నానో లేదో, తలుపు దగ్గర ఈమె నిలబడి ఉంది. నలభై దాటి ఉండవు. ఎండకు కమిలిన ముఖం, మగవాళ్ళు వేసుకునేలాంటి బూట్లు, భుజాన సంచీ, రెండు చేతుల్లో పాతగుడ్డలో చుట్టిన మూట. నేను రిటైరైన తెలుగు టీచర్నని తమిళనాడులో ఉన్న మా గుడియాత్తంలో అందరికీ తెలుసు. తాతల నాటి జాతకాలు చదివించుకోవడానికి జనం అప్పుడప్పుడూ ఇలాగే మూటలు పట్టుకుని వస్తుంటారు. "జాతకాలు చదవను, పో తల్లీ," అన్నాను.

"జాతకాలు కాదు టీచర్," అంది ఆమె, కోపం తెచ్చుకోకుండా. "మీ కులపోళ్ళ పూజ పుస్తకాలు. మీ కుల పెద్దాయన్ని అడిగి తెచ్చినాను. నాకు తెలుగు మాట్లాడేదానికి వస్తాది, చదివేదానికి రాదు. మీరు చదివి చెప్తారా?"

ఆ మాటతీరు వినగానే మనిషి మనవైపే అని తెలిసింది. వేలూరులో సెంట్రింగ్ పని చేసే మేస్త్రీ కూతురట. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆ పైన అంతా ఇంగ్లీషు. అలా చదువుకుంటూ పోయి అడవి మంటల మీద పరిశోధన చేసే సైంటిస్టు అయింది. ఏ కొండ ఎన్నేళ్ళకొకసారి కాలుతుంది, కాలితే ఏం పోతుంది, ఏం మిగులుతుంది, ఏ నెలలో కాలితే నష్టం, ఏ నెలలో కాలితే మేలు, ఇదీ ఆమె పని. కొండ కాలితే మేలు కూడా ఉంటుందని చెప్పే మనిషిని నేను చూడటం అదే మొదలు. "పోయిన నెల మా కొండ కాలింది, పోయి చూడు ఎంత మేలు జరిగిందో," అన్నాను పుల్లవిరిచినట్టు.

"దానికోసమే వచ్చినాను," అంది.

మూటలో ఉన్న పుస్తకాలు నాకు తెలియనివి కావు. ఊరికి పడమర కొండమీద మా నేతవాళ్ళ అమ్మవారి గుడి ఉంది. నాలుగు రాతి కంబాలు, ఒక కప్పు, అంతే. ఏటా ఎండలు ముదిరే పంగుని నెలలో ఒక శుక్రవారం అందరం ఎక్కి పూజ చేసుకుని దిగుతాం. ఆ ఏడు ఎవరి వంతో వాళ్ళు ఇంటికొచ్చాక ఒక పేజీ రాయాలి. కలశం ఎవరు మోశారు, పొంగలి ఎవరు పెట్టారు, దారి ఎలా ఉంది, వాన పడిందా, కొండ పచ్చగా ఉందా, ఎండిందా, కాలిందా. ఎప్పుడో తాతల ముత్తాతలు పెట్టిన పద్ధతి. ఇప్పటి పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ అక్షరం ముక్క రాదు. అందుకని కొన్నేళ్ళుగా వంతు ఎవరిదైనా పేజీ రాసేది నేనే.

ఆమెకు కావలసింది ఆ కాలిందా, కాలలేదా అన్న మాటే. ఉపగ్రహం తీసిన బొమ్మలు ఈమధ్య కాలానివే దొరుకుతాయట. చెట్టు మాను కోసి లోపలి వలయాల్లో కాలిన మచ్చలు లెక్కపెట్టవచ్చు గానీ, మన ఎండలకు వలయాలు సరిగా ఏర్పడవట, వాటిని ఒక్కటే నమ్మకూడదట. "ప్రతి ఏడూ ఒకే కొండ ఎక్కి, కంట్లో పడింది రాసిపెట్టినోళ్ళు నాకు ఇంకెవరూ దొరకలేదు టీచర్," అంది. మా తాతలను అంతగా మెచ్చుకున్నవాళ్ళు నాకూ ఎవరూ దొరకలేదు. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాను.

ఇక ఆ పోయిన నెల సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి.

ఆ ఏడు పూజ బాగా జరిగింది. పొద్దు వాలకముందే అందరం దిగి వచ్చాం. మరునాడు మధ్యాహ్నం మిద్దెమీద ఎండబెట్టిన మిరపకాయలు తిరగేస్తూ చూస్తే కొండ నుంచి పొగ. రెండు రోజులు కాలింది. గుడి వెనక ఉసిరి చెట్లన్నీ పోయాయి. మంటలు ఆర్పడానికి పోయిన ఫారెస్టు వాచరు ఒకాయన చేతులు కాల్చుకున్నాడు. మూడో రోజు రేంజరు మా వీధికి వచ్చి, పూజనాడు కొండమీద ఎవరెవరు ఉన్నారని అడిగాడు. వీధి మొత్తం నావైపు చూసింది. చదువుకున్నదాన్ని కదా. "మేకలోడే సార్," అన్నాను. "ఆ పొద్దు గుడి కాడనే తిరగతా ఉండినాడు. బీడీ తాగతా ఉండినాడు."

ఆ మనిషి గుడికి కాస్త దూరంలో మేకలతో ఉండటం నేను చూశాను. బీడీ చూడలేదు. మేకలు మేపేవాడంటే బీడీ ఉంటుంది, బీడీ ఉంటే నిప్పు ఉంటుంది, అని నా బుర్ర అల్లేసింది, నా నోరు అనేసింది. రేంజరు రాసుకున్నాడు. కింద నేను గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాను. ఆ మనిషిది పరదరామి పోయే రోడ్డులో ఒక చిన్న పల్లె. అతని మీద కేసు పెట్టారు, తేలేదాకా మేకలను కొండకు తోలకూడదన్నారు. నేను చేతులు దులుపుకుని ఇంట్లోకి వచ్చి సాంబారు పెట్టుకున్నాను.

ఆ తరువాత వారానికి రెండు సార్లు ఆమె వేలూరు నుంచి బస్సులో వచ్చేది. పళ్ళికొండలో దిగి, హైవే పక్కన టీ తాగి, ఇంకో బస్సు ఎక్కి వచ్చేది. నేను చదివేదాన్ని, ఆమె రాసుకునేది. ముప్పై ఏళ్ళు బడిలో పాఠం చెప్పినదాన్ని, నా ఎదుట ఇంత బుద్ధిగా కూర్చున్న మనిషిని చూడలేదు. ఒక పేజీలో అక్షరాలు చెదలు తిని పోతే, "ఇక్కడ కొండ కాలిందని ఉంటుందిలే, రాసుకో," అనేదాన్ని. "ఉంటుందిలే అని రాయకూడదు టీచర్. తెలీదు అని రాస్తాను," అనేది. ఆ 'తెలీదు' ఆమె పుస్తకంలో ఎన్నిసార్లు ఉందో! తరగతి గదిలో నేను ఎన్నడూ అనని మాట అది. పిల్లలు అడిగిన దానికి జవాబు రాకపోతే గదమాయించి కూర్చోబెట్టేదాన్ని గానీ, తెలియదని ఒప్పుకున్న పాపాన పోలేదు.

ఒకసారి వేలూరులో ఆమె పనిచేసే చోటికి తీసుకుపోయింది. అద్దాల గదీ, తెల్లకోట్లూ ఉంటాయనుకుని పట్టుచీర కట్టుకుని పోయాను. చూస్తే గది నిండా గడ్డి. కాగితపు కవర్లలో గడ్డి, గోనెల్లో ఎండాకులు, గోడవారన కోసిన మాను ముక్కలు. పచ్చి గడ్డి తూచి, పొయ్యిలాంటి పెట్టెలో ఆరబెట్టి మళ్ళీ తూస్తుంది. పోయిన బరువే అందులో ఉన్న తడి. తడి ఎంతుంటే మంట ఎంత నిదానంగా నడుస్తుందో దాన్నిబట్టి చెప్తుంది. "తై నెలలో, సంక్రాంతి అప్పుడు, ఇదే గడ్డి కాలితే మోకాలెత్తు మంట. చెట్టు బతుకుతాది, పైగా కింద చెత్త పోతాది. పంగునిలో అదే గడ్డి కాలితే మనిషి ఎత్తు. అప్పుడు చెట్టూ పోతాది," అంది. ఆ మాట నాకు ఎన్ని పుస్తకాలకన్నా బాగా ఎక్కింది. నిప్పు మంచిదా చెడ్డదా అని కాదు, ఎప్పటి నిప్పు, ఎంత గడ్డిలో నిప్పు అని అడగాలి.

ఇంత చదువుకుని ఎండలో గడ్డి కోసుకుంటున్నావేమిటని అడిగితే నవ్వింది. వాళ్ళ నాయన గోడలో పగులు చూసి అది ఏ మూల మొదలైందో చెప్పేవాడట. చిన్నప్పుడు ఆయన వెంట పోయి అదే నేర్చుకుందట. "కొండ కూడా అంతే టీచర్. కాలిన కొండను నిదానంగా చూస్తే మంట యాడ పుట్టి యాడికి పోయినాదో చెప్తాది."

ఆ మాటకు నేను సంతోషపడ్డాను. మేకలవాడి బీడీ దొరుకుతుంది, నా మాట నిలబడుతుంది అనుకున్నాను.

కొండ ఎక్కే రోజు ఆమె మొదట నన్ను ఆ మేకలవాడి పల్లెకే తీసుకుపోయింది. వద్దంటే ఎందుకని అడుగుతుంది కనుక నోరు మూసుకుని పోయాను. అరవై దాటిన మనిషి. బక్కగా, నల్లగా, నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన దొడ్డి సగానికి పైగా ఖాళీ. కొండకు తోలకూడదనేసరికి మేపు లేక చాలా మేకల్ని అమ్మేశాడట. నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి లేచి, ముందు నాకే మంచం చూపించాడు.

"మీ నాయన కాలంలో కొండ మీద గడ్డి కాల్చేవాళ్ళా నాయనా?" అని ఆమె అడిగింది.

"ఆమా. తై నెలలో కాల్చేవాళ్ళం. గుడి చుట్టూ ముందు కాల్చి, తర్వాత మేపుకు కొంచెం కాల్చేవాళ్ళం. ఫారెస్టోళ్ళు వద్దనినాక నిలిపేసినాము. చానా ఏండ్లయింది."

"గుడి చుట్టూ ఎందుకు?"

"ఎందుకో మా నాయనకు తెలుసు. నాకు కాల్చేదే తెలుసు."

ఆమె అది రాసుకుంది. నేను మాత్రం, కేసు తప్పించుకోవడానికి కథలు చెప్తున్నాడనుకున్నాను. లేచి వస్తుంటే అతను నావైపు చూసి నెమ్మదిగా అన్నాడు. "టీచరమ్మా, నాకు ఈరళ్ళ జబ్బు ఉండాది, ఊపిరాడదు. నేను బీడీ తాగను. నా బతుకులో తాగలే." దెబ్బలాడే గొంతు కాదు. తెలియనివాళ్ళకు తెలియజెప్పే గొంతు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎండలోకి వచ్చేశాను.

కొండమీద ఆమె పని చేసే తీరు చూసి తీరాలి. పైన ఎక్కడో మొదలుపెట్టి, కాలిన నేలంతా అడుగడుగునా చూస్తూ వెనక్కి వెనక్కి వస్తుంది. బండకు మంట వచ్చిన వైపు మసి ఉంటుంది, రెండో వైపు పాచి అలాగే ఉంటుంది. చెట్టుకు మంట పోయిన వైపు నలుపు పైదాకా ఎక్కి ఉంటుంది. నిదానంగా కాలిన చోట గడ్డి పుల్లలు మొదలు దగ్గర తెగి, మంట వచ్చిన దిక్కుకే వాలి ఉంటాయి. ఒక్కో గుర్తు దగ్గర పుల్ల గుచ్చి రంగునూలు కడుతుంది. మంట దూకుడుగా పోయిన చోట ఎర్రది, పక్కకు పాకిన చోట పసుపుది, వెనక్కి నిదానంగా కాలిన చోట నీలిది. ఆ నూలు నేనే ఇచ్చాను. మా తమ్ముడి మగ్గం దగ్గర లుంగీలు నేయగా మిగిలిన తుంపులు బుట్టెడు ఉంటాయి.

పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి ఎర్ర నూళ్ళు వెనకబడ్డాయి, నీలివి దగ్గర దగ్గరగా వచ్చాయి, అంటే మంట పుట్టిన చోటు దగ్గరపడింది. తల ఎత్తి చూస్తే గుడి మా ఎదురుగా ఉంది. మేకలు మేసిన వాలు అటు పక్కన, చాలా దూరంలో ఉంది.

ఆమె వంగి ఒక బండ దగ్గర కొలతలు తీసుకుంటోంది. నేను గుడి పక్కకు తిరిగాను. కంబానికి నాలుగడుగుల దూరంలో, బూడిదలో, బోర్లా పడిన మట్టి మూకుడు. కాలితో తిప్పాను. అడుగున మాడిన నూలు ముద్ద అంటుకుని ఉంది. మూకుడు కప్పిన చోట వేలెడు ముక్క కాలకుండా మిగిలింది. నీలం. మా తమ్ముడి మగ్గం నీలం.

ఆ వత్తి నేను చేసింది. పూజలో పెద్ద దీపానికి మేము బజారు వత్తి వాడం. మగ్గం తుంపులను తొడమీద పేని, బొటనవేలంత లావు చేసి నూనెలో ముంచుతాం. మా చేతి పని అమ్మవారి ముందు వెలగాలని. ఆ దీపాన్ని ఆర్పడం మాలో లేదు. ఊదకూడదు, నీళ్ళు చల్లకూడదు, మన్ను వేయకూడదు. దండం పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా దిగివచ్చేయాలి, దానంతట అదే కొండెక్కాలి. నూలు ముద్ద మంట పోయాక కూడా లోపల రవులుతూనే ఉంటుందని మగ్గం దగ్గర పుట్టినదాన్ని నాకు తెలియదా? తెలుసు. కానీ అమ్మవారి దీపం కొండను కాలుస్తుందని ఎవరనుకుంటారు? కొబ్బరి చిప్పల కోసం కోతులు వచ్చి ఉంటాయి, మూకుడు తన్నేసి ఉంటాయి, మరునాటి గాలికి రవులుకుని గడ్డికి అంటుకుని ఉంటుంది.

ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయి. ఆ క్షణంలోనే నా చెయ్యి ఆ మూకుడును తీసి చేతిసంచిలో పడేసింది. దాచాలని ఆలోచించి దాచలేదు. ఆ మాటకొస్తే బీడీ మాట కూడా ఆలోచించి అనలేదు. నా బతుకులో చేసిన రెండు పెద్ద తప్పులూ ఆలోచన కన్నా ముందే జరిగిపోయాయి.

దిగేటప్పుడు ఏం తేలిందని అడిగాను. "గుడికి పది అడుగుల లోపల పుట్టినాది. ఎట్లా పుట్టినాదో తెలీదు," అంది.

"తెలీదంటే? ఆ మేకలాయన కేసు?"

"నేను తెలీదని రాస్తే కేసు ఆయన మీదనే ఉంటాది. మీ సాక్ష్యం ఉండాది గదా టీచర్, గుడి కాడ బీడీ అని," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. "ఆయనది కాదని నాకు అనిపిస్తా ఉండాది. అనిపించేదంతా రాసేదానికి లేదు."

ఒక మంచి మనిషి ఒక అమాయకుణ్ణి కాపాడటానికైనా తన కంటితో చూడని మాట రాయదు. నేను ఒక అమాయకుణ్ణి ఇరికించడానికి చూడని మాట చెప్పాను. ఆ రోజు కొండ దిగుతుంటే మోకాళ్ళ నొప్పి కంటే ఆ ఆలోచనే ఎక్కువ బాధపెట్టింది.

తరువాత వచ్చినప్పుడు ఎప్పటిలాగే కూర్చున్నాం. బాగా పాత పుస్తకం, చేతికి పొడి అంటుతోంది. మూకుడు లోపలి గదిలో బీరువా కింద ఉంది. నేను చదువుతున్నాను. కలశం ఫలానా ఇంటివారు. పొంగలి ఫలానా ఇంటివారు. మేకలవాళ్ళు గుడి చుట్టూ గడ్డి కాల్చినారు, వారికి మొదటి పంక్తిలో ప్రసాదము ఇచ్చినాము. తరువాతి ఏడూ అదే. ఆ పై ఏడూ అదే. మా చిన్నప్పుడు మేకలవాళ్ళకు మొదటి ప్రసాదం పెట్టడం నాకు గుర్తుంది. దయతో పెడుతున్నామనుకునేదాన్ని. వాళ్ళు కాల్చడం మానేశాక మేమూ పెట్టడం మానేశాం, ఎందుకు పెట్టేవాళ్ళమో ఎవరూ అడగలేదు. అంటే ఆయన తన వాకిట్లో చెప్పింది అక్షరాలా నిజం.

పేజీ తిప్పాను. అందులో నాలుగు వరుసలే ఉన్నాయి. పైకి చదవకముందే నా కళ్ళు చదివేశాయి.

ఆమె పెన్సిలు పట్టుకుని ఎదురు చూస్తోంది. ఆ అక్షరాలు ఆమెకు గీతలు మాత్రమే. నేను ఏం చదివితే అదే ఆమెకు నిజం. "వాన పడింది, పూజ బాగా జరిగింది" అంటే అదే రాసుకుంటుంది, నమ్ముతుంది, వేలూరు బస్సు ఎక్కుతుంది. ఇంత తెలివైన మనిషి, గడ్డిలో తడిని కొలిచే మనిషి, తన పని మొత్తాన్ని నా నోటి మీద పెట్టి కూర్చుంది. అంత నమ్మకం నా మీద ఎవరూ పెట్టలేదు. కట్టుకున్నవాడు కూడా పెట్టలేదు.

చదివాను. "ఈ యేడు మేకలవారు గుడి చుట్టూ కాల్చలేదు. మన దీపము వలన గడ్డి అంటుకొని కొండ కాలినది. తప్పు మనది. ఇకమీదట వారు కాల్చిన తరువాతనే దీపము పెట్టవలెను."

ఆమె రాసుకోవడం ఆపి తల ఎత్తింది. నేను లేచి లోపలికి పోయి, బీరువా కింద నుంచి మూకుడు తెచ్చి ఆమె ముందు పెట్టాను. వత్తి సంగతి చెప్పాను, బీడీ సంగతి చెప్పాను. చెప్తుంటే ఏడుపు వచ్చింది. పిల్లలను ఏడిపించిన టీచర్ని, పిల్లలా ఏడ్చాను.

తిడుతుందనుకున్నాను, లేకపోతే ఓదారుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. మూకుడును ముట్టుకోకుండా వంగి చూసి, "దీన్ని కదిలించకుండా ఉండాల్సింది టీచర్," అంది. ఆమె గొంతులో కోపం విన్నది ఆ ఒక్కసారే. తరువాత నీళ్ళు తెచ్చి ఇచ్చి, అడిగింది. "ఇది యాడ ఉండినాదో చూపిస్తారా? మీరే చెప్పాలి, మీ నోటితో, రేంజరు ముందర. నా రిపోర్టులో ఇది మీ మాట అని రాస్తాను. మీ మాట లేకుంటే ఈ మూకుడు ఉత్త పెంకే."

"మా వాళ్ళు నన్ను బతకనిస్తారా?" అన్నాను.

"తెలీదు టీచర్," అంది.

అప్పుడు కూడా అబద్ధం చెప్పలేదు చూడండి. ఏం కాదులే అని ఒక్క మాట అనవచ్చు కదా. అనలేదు. కానీ మరుసటి రోజు పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, నాతో పాటు కొండ ఎక్కి, నాతో పాటు ఫారెస్టు ఆఫీసు బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది.

రేంజరు నా పాత సంతకం, కొత్త సంతకం పక్కపక్కన పెట్టి చూశాడు. ముందు ఎందుకు అలా చెప్పారని అడిగాడు. కేసు వెంటనే పోలేదు, తిరగాల్సి వచ్చింది, తిరిగాను. మా వీధి సంగతి ఇక చెప్పనక్కరలేదు. అమ్మవారి మీదే నింద వేశావన్నారు. పెద్దాయన ఇంటికి పిలిచి, "ఊరు మొత్తం పరువు తీసినావు కదమ్మా," అన్నాడు. తాతలు రాసిన నాలుగు వరుసలు ఆయనకు చదివి వినిపించాను. "పరువు పోతాదని వాళ్ళు రాయకుండా ఉండినారా పెద్దాయనా?" అన్నాను. ఆయన ఆ పేజీ మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చాలా ఇళ్ళు మాత్రం నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడవు. నా నోటికి అలవాటు పడిన వీధి గనుక తట్టుకుంటున్నాను.

ఆమె రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఒక్కో పేజీ నాకు తెలుగులో చెప్పింది. ఎవరిని తిట్టాలన్న తొందర అందులో ఎక్కడా లేదు. మా పుస్తకాల్లో మేకలవాళ్ళు కాల్చారని రాసిన ఏళ్ళలో కొండమీద పెద్ద మంట లేనే లేదట. వాళ్ళు మానేశాక గడ్డీ, లాంటానా కంపా గుడి కంబాలదాకా పెరిగాయట. మా దీపం ఏటా అంత అజాగ్రత్తగానే వెలిగింది. దాన్ని అన్నేళ్ళూ కాపలా కాసింది వాళ్ళ కాల్పు. నేను ఎవరి మీద సాక్ష్యం చెప్పానో వాళ్ళే మమ్మల్ని కాపాడుతూ వచ్చారు. "రాసినోళ్ళు మీవాళ్ళు, కాల్చినోళ్ళు ఆయనవాళ్ళు. నేను చేసింది రెండూ పక్కన పెట్టి చూసేదే," అంది ఆమె. అంతే చేసినట్టు చెప్పుకుంది. ఆ అంతే కోసం ఎన్ని ఎండలు తిన్నదో నేను చూశాను.

కేసు కొట్టేశారు. ఆ తరువాత ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగి, తై నెలలో గుడి చుట్టూ ఒక పట్టీ మేర, ఫారెస్టువాళ్ళ ఎదుటే గడ్డి కాల్చడానికి అనుమతి తెచ్చింది. ఎలా కాల్చాలో చెప్పడానికి ఆ మేకలాయన్ని పిలిపించింది. ఆయన దొడ్డి మాత్రం నిండలేదు. అమ్మేసిన మేకలు తిరిగి రావు. నేను క్షమించమని అడగడానికి రెండుసార్లు ఆ పల్లెకు పోయాను. రెండుసార్లూ మజ్జిగ ఇచ్చాడు, వానల గురించి మాట్లాడాడు, ఆ మాట ఎత్తనివ్వలేదు. క్షమించాడో లేదో తెలియకుండానే తిరిగి వచ్చాను.

కాల్చే రోజు పొద్దున మంచు ఆరేదాకా ఆగాం. వాచర్లు అడుగు వెడల్పున గడ్డి చెక్కి గీత తీశారు. మందు కొట్టే డబ్బాల్లో నీళ్ళు నింపుకుని వీపున తగిలించుకున్నారు. మా వీధి నుంచి వచ్చింది పెద్దాయనా, నేనూ, మా తమ్ముడూ. ఆమె చేతిలో గాలి కొలిచే చిన్న యంత్రం. అది చూసి అంకె చెప్పింది. మేకలాయన చిటికెడు బూడిద గాలిలోకి వదిలి చూసి తల ఊపాడు. ఇద్దరి లెక్కా ఒకటే అయ్యేసరికి ఆమె ముఖం వెలిగిపోయింది. ఆయన గాలికి ఎదురుగా నిప్పు పెట్టాడు. మంట మోకాలు దాటలేదు. చెప్పిన మాట వినే పిల్లలా గీతదాకా నడిచి వచ్చి ఆగిపోయింది.

నేను ఒక మూల బండ పక్కన నిలబడి చూస్తున్నాను. ఉన్నట్టుండి పొగ నావైపు తిరిగింది. దగ్గు వచ్చి కళ్ళు మూసుకున్నాను. ఎవరో వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు. కళ్ళు తెరిస్తే ఆయనే.

"ఆడ నిలబడద్దు టీచరమ్మా, గాలి తిరగతా ఉండాది," అన్నాడు. "నా ఎనక్కి రా. నేను ఉండే చోటికి నిప్పు రాదు."

నేను వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను.